డాబా మీద అసలు మధ్యాహ్నం పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో గడియారం పన్నెండు చూపించినంత మాత్రాన మిట్టమధ్యాహ్నం అయిపోదు. దేశమంతటికీ టైం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది. మనం దానికి సుమారు 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాలు, అంటే సూర్యుడు మన దగ్గరికి 16 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు.

ఇది కళ్లారా చూడాలంటే ఒక నిటారు కర్ర చాలు. మా డాబా మీద నేను పాత కర్టెన్ రాడ్‌ని మట్టి నింపిన కుండీలో దిగేస్తాను. తాపీమేస్త్రీ వాడే తూకపుగుండుతో నిలువు సరిచూడండి, ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా దండగ. పదకొండులోపు నీడ కొస దగ్గర సుద్దముక్కతో చుక్క పెట్టి, టైం రాసుకోండి. కర్ర మొదలు కేంద్రంగా, ఆ చుక్క మీదుగా దారంతో వృత్తం గీయండి. నీడ పొట్టిదై, మళ్లీ సాగి, మధ్యాహ్నం ఆ వృత్తాన్ని తాకుతుంది. ఆ టైం కూడా రాసుకోండి. 10:50, 2:10 అనుకుందాం. రెంటికీ సరిగ్గా మధ్య 12:30. అదే అసలు మధ్యాహ్నం. అతి పొట్టి నీడ కోసం కాపలా కాయకండి, ఆ కాసేపట్లో నీడ పొడవు మారినట్టే ఉండదు.

ఫిబ్రవరి నడుమ చేస్తే దాదాపు 12:30 వస్తుంది, నవంబర్ మొదట్లో 12:00. భూమి కక్ష్య కోడిగుడ్డులా కాస్త సాగి ఉండటం, అక్షం వంగి ఉండటం వల్ల ఈ తేడా. మే 9 ప్రాంతంలో మాత్రం ఎండ సరిగ్గా నెత్తిమీదే, మధ్యాహ్నానికి నీడే మాయం. టోపీ పెట్టుకోండి.