ముక్కు నీటి తూకం తేడాగా వస్తోందా? కారణం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వచ్చినది అలర్జీ రొంపా, మామూలు జలుబా, దుమ్ము పొగలకు పుట్టిన చిరాకా అని తేల్చడానికి ముక్కు నీటిని తూచడం, స్లైడు మీద పరచి మైక్రోస్కోపులో చూడడం రెండూ సాయపడతాయి. తూకం ఎంత కారుతోందో చెబుతుంది, ఎందుకు కారుతోందో చెప్పదు. అందుకే ఒకసారి తూచిన అంకెకు విలువ తక్కువ. అలర్జీ కారకం (పుప్పొడి, దుమ్ము పురుగు వంటిది) ముక్కుకు తగిలించక ముందు, తగిలించాక తూచిన రెండు అంకెల తేడాకే విలువ.

సన్నగా కత్తిరించిన ఫిల్టర్ పేపరు ముక్కను ముక్కు లోపలి గోడకు ఆనించి, నిర్ణయించుకున్న నిమిషాలు ఉంచి తీస్తారు. ముందు బరువు, తర్వాత బరువు చూస్తారు. ఒక మిల్లీగ్రాము దాదాపు ఒక మైక్రోలీటరు. కాటా 0.1 మిల్లీగ్రాము వరకు చూపాలి. బంగారం కొట్టు కాటా దీనికి చాలదు.

సమస్య: ముక్కులో పెట్టని కాగితం కూడా బరువు పెరుగుతోంది

కళింగపట్నం, భోగాపురం వంటి తీరప్రాంతాల్లో ఎక్కువగా తగిలే చిక్కు ఇదే. ఫిల్టర్ పేపరు గాలిలో తేమను ఊరికే పీల్చుకుంటుంది. కారింది కొద్ది మిల్లీగ్రాములే అయితే ఆ తేమే లెక్కను మింగేస్తుంది. వేలి చెమట అంటినా అంతే.

కాగితాన్ని విడిగా తూచకండి. బిగుతు మూత ఉన్న చిన్న ట్యూబులో వేసి ట్యూబు, మూత, కాగితం కలిపి తూచండి. ముక్కులో పెట్టే క్షణానే మూత తీయండి, బయటికి రాగానే మళ్లీ బిగించండి. పట్టకారుతోనే పట్టుకోండి. ఇంకో కాగితాన్ని అన్ని నిమిషాలూ గదిలో ఊరికే పట్టుకుని, అది పెరిగినంత బరువును అసలు లెక్కలోంచి తీసేయండి. ఈ ఖాళీ కాగితం లెక్క లేని రిపోర్టును వానాకాలంలో నమ్మనక్కర్లేదు.

సమస్య: ముక్కు ధారగా కారుతోంది, అంకె మాత్రం చిన్నది

ఫ్యాను కింద కూర్చోబెడితే తడి ఆరిపోతుంది. కాగితం పూర్తిగా నానిపోతే ఆపై వచ్చేది పెదవి మీదికి జారిపోతుంది. అలాంటప్పుడు మధ్యలో కొత్త కాగితం పెట్టి రెండూ కలిపి లెక్కించాలి. ఒకే రంధ్రంలో కొలిచారేమో కూడా చూడండి. ముక్కు కొన్ని గంటలకోసారి వంతు మార్చుకుంటుంది, ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క తెరుచుకుంటుంది. రెండు పక్కలా తూచి కలపడమే మార్గం.

సమస్య: అలర్జీ లేనివారికీ అంకె పెద్దదే

పచ్చిమిరపకాయ కొరుక్కుని చద్దన్నం తిన్నా, ఆవకాయ కలుపుకున్నా ముక్కు కారుతుంది. అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం), చుట్ట, పొడుం అలవాట్లదీ అదే దారి. పలాసలో జీడిగింజలు కాల్చే పొగ, జూటు మిల్లు నూగు, నూర్పుల దుమ్ము తగిలి నేరుగా వచ్చినవారికి అలర్జీ ఉన్నా లేకపోయినా ముక్కు కారొచ్చు. తిన్న వెంటనే కొలవకండి. కొలిచే ముందు 20 నుంచి 30 నిమిషాలు అదే గదిలో నెమ్మదిగా కూర్చోనివ్వండి. కాగితం గుచ్చుకుని తుమ్ము వచ్చిందా, ఆ కొలత కొట్టేయండి.

సమస్య: అలర్జీ కారకం తగిలించినా తూకం కదలడం లేదు

ముందు మందుల అట్టలు తెప్పించి చూడండి. అలర్జీ మందులేమీ వాడడం లేదన్నవారి సంచిలోనే జలుబు బిళ్ల ఉంటుంది. అందులో క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు తరచుగా కనిపిస్తుంది. సెట్రిజిన్ వంటివి కూడా స్పందనను అణిచేస్తాయి. కారకపు చుక్క వేసి చర్మం మీద సూదితో గుచ్చి చూసే ప్రిక్ పరీక్షకైతే వీటిని సాధారణంగా వారం ముందు ఆపిస్తారు. ఏది ఎన్నాళ్లు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఉబ్బసం మందులు సొంతంగా ఆపేయడం ప్రమాదం. కారకాన్ని ముక్కుకు తగిలించే ఈ పరీక్ష కూడా అత్యవసర వైద్యం సిద్ధంగా ఉన్న చోటే జరగాలి.

సమస్య: తూకం ఎక్కువే, స్లైడులో ఇసినోఫిల్స్ లేవు

ఇసినోఫిల్స్, న్యూట్రోఫిల్స్ రెండూ తెల్ల రక్తకణాల్లో రకాలు. కణాల్లో సుమారు పదో వంతు దాటి ఇసినోఫిల్స్ ఉంటే అలర్జీ వైపు మొగ్గుతారు. న్యూట్రోఫిల్స్ నిండి ఉంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు. స్టెరాయిడ్ స్ప్రే వాడేవారిలో ఇసినోఫిల్స్ తగ్గిపోతాయి, అది ముందే అడగండి. కారిన నీటిని పరిస్తే కణాలు దొరకవు. లోపలి కింది కండ మీద దూదిపుల్లతో మెల్లగా తిప్పి తీయాలి.

స్లైడంతా నీలంగా కనిపిస్తే తప్పు కణాలు కనపడేందుకు వేసే రంగుది. కుళాయి నీటితో కడిగితే క్షారం ఎక్కువై ఇసినోఫిల్ నారింజ గింజలు మసకబారతాయి. కడగడానికి 6.8 పీహెచ్ బఫరు (ఆమ్ల, క్షార గుణం మారకుండా నిలిపే ద్రావణం) వాడండి. ఇందుకు వాడే లీష్మన్ రంగు సీసా మూత వదులుగా ఉంటే అందులోని మిథనాల్ తేమ తాగి కణాలపై మెరిసే చుక్కలు పడతాయి. కొత్త సీసా తెరవడమే మందు.

ఇసినోఫిల్స్ నిండుగా ఉండి ప్రిక్ పరీక్ష, రక్తంలో ఐజీఈ (అలర్జీని సూచించే ప్రతిరక్షకం) రెండూ నెగెటివ్ వస్తే అలర్జీ లేని ఇసినోఫిలిక్ రైనైటిస్ (ముక్కు లోపలి పొర వాపు) కూడా ఉంటుందని గుర్తుంచుకోండి.

సమస్య: ఒక్క పక్కే, నీళ్లలాగా, వంగితే చుక్కలు చుక్కలుగా

ఇక్కడ తూకం ఆపేయండి. తలకు దెబ్బ తగిలాకో, ముక్కు ఆపరేషన్ అయ్యాకో ఇలా కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. షుగర్ పట్టీ ముంచి తేల్చడం నమ్మదగింది కాదు. ఆ నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, బీటా 2 ట్రాన్స్‌ఫెరిన్ (ఆ ద్రవంలో ఉండే ఒక ప్రొటీన్) పరీక్షకు రాయమని ఈఎన్‌టీ డాక్టర్ని అదే రోజు కలవండి. ఈలోగా ముక్కు గట్టిగా చీదకూడదు.