సాంకేతిక రచన నేర్చుకుందాం – 3: మీ చదువు అంటగట్టిన అలవాటు

కిందటి పాఠంలో వాక్యాన్ని కుదించడం చూశాం. ఒడిశాలో బరంపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఇక్కడే ఓ అనుమానం వస్తుంది: బీఏ చదివితే మాన్యువళ్లు, సూచనలు రాసే ఈ పని దొరుకుతుందా? దొరుకుతుంది. దీనికి ఫలానా డిగ్రీయే ఉండాలన్న రూలు లేదు. 1949 నాటి బైనాక్ కంప్యూటర్‌కు మాన్యువల్ రాసిన జోసెఫ్ చాప్లిన్ ఆర్గన్ వాయించే సంగీతకారుడు కూడా.

అయితే ప్రతి చదువూ ఓ బలాన్నిస్తుంది, దాంతోపాటు ఓ అలవాటునూ అంటగడుతుంది. ఈ పాఠం ఆ అలవాటు గురించే.

పొలంలో బోరు మోటారు ట్రిప్ అయింది. మళ్లీ ఎలా ఆన్ చేయాలో రైతుకు రాసివ్వాలి. ఎలక్ట్రికల్ డిప్లొమా కుర్రాడు "ఓవర్‌లోడ్ రిలే రీసెట్ చేసి స్టార్ట్ చేయాలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. రిలే (భారం ఎక్కువైతే మోటారును ఆపేసే పరికరం) ఎక్కడుందో చెప్పడు. అది చల్లారేదాకా ఆగాలనీ చెప్పడు. తనకు తెలుసు కదా! సాహిత్యం చదివినమ్మాయి రాసింది చక్కగా అర్థమవుతుంది, కానీ "ముందుగా మెయిన్ ఆపడం మరవకండి" అన్న మాట ఆఖరి వాక్యంలో ఉంటుంది. చదివే మనిషి అక్కడికొచ్చేసరికే బాక్సు మూత తీసేసి ఉంటాడు. నర్సింగ్ చదివినవాళ్లు హెచ్చరికను మొదటే పెడతారు. మందు ఇచ్చేముందు చూసుకోవడం వాళ్లకు అలవాటు. వాళ్లు మరిచేది ఇంకొకటి: మళ్లీ మళ్లీ ట్రిప్ అవుతుంటే రీసెట్ నొక్కుతూ కూర్చోకూడదు, ఫేజు పోయిందేమో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

ఐటీఐ ఫిట్టర్లను ఎవరూ ఈ పనికి పిలవరు. నన్నడిగితే ముందు వాళ్లనే పిలవాలి. సూచన చదివి చేత్తో పనిచేసినవాడికి అది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలుసు. ఒడిశాలోని సునాబెడాలో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారుచేసేది విమాన ఇంజన్లు. విమానాల మరమ్మతు పుస్తకాల కోసమే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే సరళ ఇంగ్లీషు ప్రమాణం పుట్టింది. అందులో పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. బీటెక్ వాళ్లకు ఈ లెక్క ఇరుకనిపిస్తుంది, ఫిట్టర్‌కు అనిపించదు.

టూల్స్ గురించి టెన్షన్ వద్దు. మార్క్‌డౌన్ (మామూలు అక్షరాల్లోనే శీర్షికలు, జాబితాలు గుర్తుపెట్టే పద్ధతి) ఓ సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన డిటాను (మాన్యువళ్లను చిన్న చిన్న అంశాలుగా రాసి కూర్చే పద్ధతి) ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చు. ఇంజనీరును పదేపదే అడిగి విషయం రాబట్టడమే కష్టం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగినవాళ్లకు "అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అనడానికి మొహమాటం తక్కువ. ఇంటర్వ్యూలో ఈ సంగతి దాచుకోకండి.

అభ్యాసం: గ్యాస్ సిలిండర్ మార్చే విధానం ఒక పేజీలో రాయండి. ఎన్నడూ మార్చని మనిషికి ఇచ్చి, సిలిండర్ ముట్టుకోనివ్వకుండా, ఏ పని తర్వాత ఏది చేస్తారో చెప్పించండి. మీరు నోరు మెదపకూడదు. వాళ్లు ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. గీతలన్నీ పేర్లు, భాగాల దగ్గరే పడ్డాయా, హెచ్చరికల దగ్గర పడ్డాయా చూసుకోండి. మీ చదువు అంటగట్టిన అలవాటేదో దాన్నిబట్టి తెలుస్తుంది. వచ్చే పాఠానికి ఆ పేజీని తిరగరాయకుండా అలాగే ఉంచండి.