మల్లెలతీర్థం బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

మల్లెలతీర్థం నల్లమల అడవిలోని జలపాతం. హైదరాబాద్ నుంచి దాదాపు 185 కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి. అదంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్.

టైమ్: అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. తెల్లవారుజామునే ఇల్లు కదిలితే తిరుగు ప్రయాణానికి టెన్షన్ ఉండదు.

పెట్రోలు, మ్యాప్: అడవిలోకి వెళ్లకముందే ట్యాంకు నింపుకోండి. ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

మెట్లు: జలపాతం దగ్గరికి దిగడానికి సుమారు 350. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే ఆయాసం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతం చేయకండి.

నీళ్లు: నా భయమంతా ఇక్కడే. పాచి పట్టిన రాయి పైకి మామూలుగానే కనిపిస్తుంది. పోయినసారి మా తమ్ముడి కొడుకు సెల్ఫీ కోసం ఒక్క అడుగు వెనక్కి వేశాడు, చెప్పు సర్రున జారింది. వెంటనే చెయ్యి పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. పట్టున్న బూట్లే వేసుకోండి. నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్లు మట్టిరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పిల్లల్ని తీసుకుని వెంటనే పైకి వచ్చేయండి. ఇంకో ఫొటో కోసం ఆగొద్దు. మందు తాగి నీళ్లలో దిగడం అసలు వద్దు.

కోతులు: తిండి సంచి చేతిలో వేలాడదీయకండి, వాటికేమీ పెట్టకండి. ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేసి స్టీల్ సీసాలో నీళ్లు తెచ్చుకోండి.