దద్దుర్లు లేచి పోతూ, మళ్ళీ లేస్తున్నాయా? వంకాయను నిందించడం కాసేపు ఆపండి

ఒంటిమీద దద్దుర్లు లేవగానే మన ఇళ్ళలో ముందు నింద పడేది వంకాయ మీద. తర్వాత గోంగూర, ఆ తర్వాత "రక్తం చెడింది". నిజానికి దీని వెనక ఉన్నవి చర్మంలోని మాస్ట్ కణాలు. 1878లో పాల్ ఎర్లిక్ వీటికి ఆ పేరు పెట్టాడు. సన్న రక్తనాళాలు, నరాల కొసల పక్కనే ఉంటాయి. వీటి నిండా హిస్టమిన్ అనే రసాయనపు రేణువులే. ఏదైనా రెచ్చగొడితే నిమిషాల్లో కుమ్మరిస్తాయి. నాళాల్లోంచి నీరు ఊరి దద్దు లేస్తుంది, నరాలు కదిలి దురద పుడుతుంది.

సమస్య: దద్దు ఒకచోట పోయి మరోచోట లేస్తోంది
పెన్నుతో దద్దు చుట్టూ గీయండి. 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతే మాస్ట్ కణాల పనే. రోజు దాటినా అక్కడే ఉండి, మంటపెట్టి, కమిలిన మచ్చ మిగిల్చితే అది రక్తనాళాల వాపు కావచ్చు. చర్మ వైద్యుడికి చూపించాలి.

కారణం
తిండి వల్లయితే సాధారణంగా రెండు గంటల్లోపే తెలుస్తుంది. నిన్న తిన్న వంకాయకు ఇవాళ సాయంత్రం దద్దుర్లు రావు. ఈమధ్య వైరల్ జ్వరం వచ్చిందా? యాంటీబయోటిక్ వాడారా? ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాకో, ఆస్పిరినో వేసుకున్నారా? నొప్పి మాత్ర సంగతి డాక్టరు అడిగేదాకా చాలామందికి గుర్తే రాదు.

గోకిన గీత మీదే ఉబ్బితే ఒరిపిడి వల్ల. చెమట పట్టగానే చిన్న చిన్న పొక్కుల్లా లేస్తే ఒంటి వేడి వల్ల. ఆరు వారాలు దాటితే మాత్రం బయటి కారణం చాలాసార్లు దొరకదు. కొందరిలో సొంత యాంటీబాడీలే ఈ కణాలను రెచ్చగొడతాయి. అప్పుడు వేలు పోసి అలర్జీ ప్యానెల్ టెస్టులు చేయించడం, నా లెక్కన, దండగ.

పరిష్కారం
మత్తు తక్కువుండే సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి డాక్టరు చెప్పినన్నాళ్ళు రోజూ వేసుకోవాలి, దురద పుట్టినప్పుడే కాదు. బయటపడిన హిస్టమిన్‌ను మాత్ర వెనక్కి నెట్టలేదు. హిస్టమిన్ వచ్చి అంటుకునే చోటును మాత్ర ముందే ఆక్రమిస్తుంది, అంతే. తగ్గకపోతే డాక్టర్లు మోతాదును నాలుగు రెట్ల దాకా పెంచుతారు, అప్పటికీ లొంగకపోతే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ పెంపు సొంతంగా చేయకండి. స్టెరాయిడ్ సూదితో మర్నాటికే హాయిగా ఉంటుంది, కానీ అదే అలవాటైతే షుగరు, బీపీ పెరుగుతాయి.

పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా మాత్ర కోసం వెతక్కుండా 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది తొడ కండరంలోకి అడ్రినలిన్.

సమస్య: మాత్ర వేసినా దురద తగ్గట్లేదు
అసలు దద్దుర్లే లేకుండా, రాత్రిళ్ళు ఎక్కువై, వేళ్ళ సందుల్లో, ఇంట్లో అందరికీ ఉంటే గజ్జి అయుండొచ్చు. దానికి పూత మందు, అందరూ ఒకేసారి రాసుకోవాలి.