అప్పలేచియన్ ట్రెయిల్‌లో రెండు మైళ్లు మీ చేతికి వచ్చినప్పుడు

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగిసే అప్పలేచియన్ ట్రెయిల్ 14 రాష్ట్రాల గుండా దాదాపు 2,190 మైళ్లు, అంటే సుమారు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. ఇంత పొడవునా బాట మీదికి వంగిన కొమ్మలు కోసేది, నీటిదారుల పూడిక తీసేది, చెట్లకు తెల్లరంగు గుర్తులు వేసేది చాలావరకు జీతం తీసుకోని వాలంటీర్లే. సుమారు 30 క్లబ్బులు ఈ బాటను పంచుకుని, తమ వంతును చిన్న చిన్న సెక్షన్లుగా విడదీసి, ఒక్కో సెక్షన్‌ను ఒక వ్యక్తికో ఒక కుటుంబానికో అప్పగిస్తాయి. న్యూజెర్సీలో ఈ బాట సుమారు 72 మైళ్లు ఉంటుంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో డెలావేర్ వాటర్ గ్యాప్‌కు వెళ్లి నడిచివచ్చేది ఈ బాట మీదే. నేను కూడా అలా నడవడానికి వెళ్లి, కొన్నాళ్లకు కిటటిన్నీ కొండవరుస మీద రెండు మైళ్ల సెక్షన్‌కు బాధ్యత తీసుకున్నాను. అదే ఆలోచనలో ఉన్నవారికి పని ఎక్కడ మొదలుపెట్టాలో, దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు పనిముట్లు కొనడం కాదు, క్లబ్బులో చేరి వాలంటీరుగా సంతకం చేయడం. బెంటన్ మెకాయ్ 1921లో ఈ బాటను ప్రతిపాదించినప్పటి నుంచి, 1923లో న్యూయార్క్‌లోని బేర్ మౌంటెన్ ప్రాంతంలో తొలి భాగం తెరిచి, 1937లో మొత్తం బాటను పూర్తిచేసేదాకా, ఇందులో వాలంటీర్ల శ్రమే ప్రధానం. అయితే 1968లో వచ్చిన చట్టంతో ఇది జాతీయ స్థాయి బాట అయింది. బాట కింద ఉన్న భూమి చాలాచోట్ల నేషనల్ పార్క్ సర్వీసుదో, ఫారెస్ట్ సర్వీసుదో, రాష్ట్ర ప్రభుత్వానిదో కాబట్టి, అక్కడ ఒక కొమ్మ కోయాలన్నా మనకు అనుమతి ఉండాలి. వాలంటీరుగా నమోదైన వ్యక్తికి పనిలో గాయమైతే చికిత్సకు ఏర్పాటు ఉంటుంది, నమోదు కాని వ్యక్తికి అది ఉండదు. సహాయానికి స్నేహితులను తీసుకువెళ్లినా ఆ రోజుకు వారి పేర్లు కూడా రాయించాలి. పూడిక తీయడం, పొదలు కోయడం, పాత గుర్తులకు మళ్లీ రంగు వేయడం మీ ఇష్టప్రకారం చేయవచ్చు. బాటను పక్కకు మళ్లించడం, కొత్త మెట్లు కట్టడం, వంతెన వేయడం మాత్రం క్లబ్బు ద్వారా అనుమతి వచ్చాకే చేయాలి. అక్కడ అరుదైన మొక్కలున్నాయా, పాతకాలపు మనుషుల ఆనవాళ్లున్నాయా అన్నది ముందుగా చూడాల్సిన వారు వేరే ఉన్నారు.

సెక్షన్ చేతికి వచ్చాక తొలి నడకకు రంపం, కత్తెర తీసుకువెళ్లవద్దని నా సలహా. చేతిలో రంపం ఉంటే కళ్లు కొమ్మలనే వెతుకుతాయి, కాళ్ల కింద ఏం జరుగుతోందో కనిపించదు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, కొలత టేపు చాలు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి, తిరుగుదారిలో మరోసారి నడిచి, నీరు మళ్లించే కట్టలన్నింటికీ వరుసగా అంకెలు వేసుకోండి. బాట ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ బురదగా ఉందో, ఎక్కడ జనం అడ్డదారి తొక్కుతున్నారో రాసుకోండి. వీలైతే ఈ నడకను వాన కురుస్తున్న రోజునే పెట్టుకోండి. నీరు పల్లమెరుగు అన్న మాట ఎంత నిజమో ఆ రోజు కళ్లారా చూస్తారు. ఎండలో ఎంత చక్కగా కనిపించిన బాటైనా వానలో తన లోపాలన్నీ చూపిస్తుంది. బాటను పాడుచేసేది నడిచేవారి బూట్లకంటే ఎక్కువగా నీరే. బాట వాలుగా ఉన్నచోట నీటికి అంతకంటే సులువైన కాలువ దొరకదు. పైనుంచి ఒక సన్నటి ధారగా దిగి, మట్టిని తీసుకుపోతూ, నాలుగైదు ఏళ్లలో బాటను గాడిగా మార్చేస్తుంది.

అందుకే ఏడాదిలో మీరు ఇవ్వగలిగిన సమయంలో సగం వాటర్‌బార్లకు కేటాయించండి. వాటర్‌బార్ అంటే బాటకు అడ్డంగా, సుమారు 45 డిగ్రీల వాలులో పాతిన దుంగ లేదా రాళ్ల వరుస. బాట వెంబడి దిగివచ్చే నీటిని అది పల్లం వైపుకు మళ్లిస్తుంది. పొలంలో పార పట్టుకుని మడవ తిప్పినవారికి ఇందులో కొత్తేమీ లేదు. పొలంలో నీటిని మడిలోకి తీసుకువస్తాం, ఇక్కడ బాట మీద నుంచి బయటికి పంపుతాం. కొండవాలున పారే నీరు మట్టిని, ఆకులను వెంట తెచ్చి ఈ దుంగకు పైవైపున వదిలేస్తుంది. ఒకటి రెండు సీజన్లలో అక్కడ పూడిక నిండి, దుంగ పైఅంచుతో సమమైపోతుంది. ఆ తర్వాత నీరు దాని మీదుగా దూకి బాట వెంబడే పారుతుంది.

పూడిక తీసే పద్ధతి ఇది. ముందుగా పొడవాటి పళ్లుండే రేక్ పనిముట్టుతో ఆకులను లాగి పల్లం వైపు దూరంగా పారేయాలి. నా సెక్షన్‌లో పదకొండో వాటర్‌బార్ ఒక పెద్ద ఓక్ చెట్టు కింద ఉంటుంది. నవంబరు చివరికి దాని మీద ఆకులు తడి అట్టముక్కల్లా పొరలు పొరలుగా అతుక్కుని ఉంటాయి. పైపొర తీసి సరిపెట్టుకుంటే కింద నల్లటి మెత్తటి మట్టి అలాగే ఉండిపోతుంది, కాబట్టి గట్టినేల తగిలేదాకా పారతో తీయాలి. దుంగకు పైవైపున అడుగు వెడల్పున, నీరు బయటికి పోయే వైపుకు క్రమంగా దిగేలా కాలువ తీయాలి. బాటలో నీరు దుంగను ఢీకొని ఆగకుండా, దాన్ని చేరేలోపే పక్కకు తిరిగే వాలు ఉంటే ఆ దుంగ చాలాకాలం నిలుస్తుంది. తీసిన మట్టిని దుంగకు దిగువ వైపున వేసి కాలితో గట్టిగా తొక్కాలి. అప్పుడు దుంగకు వెన్నుదన్ను దొరుకుతుంది, నడిచేవారికి అడుగు పెట్టే చోటు సమంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది నీరు బయటికి పోయే మూతి. దాన్ని లోపలి కాలువకంటే వెడల్పుగా తెరిచి, నీరు మళ్లీ బాటవైపు తిరిగిరాలేనంత దూరం తీసుకువెళ్లాలి.

మొదటి ఏడాది నేను ఈ చివరి విషయాన్నే నిర్లక్ష్యం చేశాను. తీసిన మట్టినంతా చేతికి దగ్గరగా ఉందని కాలువ మూతి దగ్గరే పోశాను. అది చిన్న గట్టులా గడ్డకట్టింది. చలికాలం గడిచి మంచు కరిగాక వెళ్లి చూస్తే నీరు ఆ గట్టుకు తగిలి వెనక్కి తిరిగి, దుంగ చివరి నుంచి చుట్టూ తిరిగి బాటలోకి దిగి, పది అడుగుల మేర చెట్టువేళ్లు బయటపడేలా మట్టిని కోసేసింది. దాన్ని సరిచేయడానికి రెండు శనివారాలు పట్టింది. ఇప్పుడు ప్రతి వాటర్‌బార్ దగ్గర పని ముగిశాక సీసాలో నీటిని బాట మీద పోసి, అది ఎటు వెళుతుందో చూశాకే ముందుకు కదులుతాను. నీరు క్షణం ఆగి, మలుపు తిరిగి, మట్టిరంగు గీతగా ఫెర్న్ మొక్కల్లోకి జారిపోవడం చూస్తే ఆ పావుగంట శ్రమకు తగిన తృప్తి కలుగుతుంది.

కొండ పక్కవాలును కోసి తీసిన బాటలో సమస్య వేరుగా ఉంటుంది. నడిచీ నడిచీ బాట మధ్యభాగం అణిగి, పల్లం వైపు అంచు గట్టులా లేస్తుంది. ఆ గట్టు నీటిని బయటికి పోనివ్వదు. దాన్ని మ్యాటక్‌తో, అంటే వెడల్పాటి పలకున్న గడ్డపారలాంటి పనిముట్టుతో తవ్వి తీసేసి, బాట బయటి అంచు లోపలి అంచుకంటే కొంచెం దిగువన ఉండేలా చేయాలి. రెండడుగుల వెడల్పున్న బాటకు అంగుళం, అంగుళంపావు వాలు సరిపోతుంది. అంతకు మించితే నడిచేవారి చీలమండ నొప్పిపెడుతుంది. బురద గుంటలున్నచోట కొమ్మలు పడేసి కప్పకండి. జనం వాటిని తప్పించుకుంటూ పక్కనుంచి నడుస్తారు, ఏడాది తిరిగేసరికి మూడడుగుల బురద ఆరడుగులవుతుంది. నీటికి బయటికి దారి దొరికితే తీయండి. దొరక్కపోతే రాళ్లు పరిచే విషయమై క్లబ్బుకు రాయండి.

ఇక పొదలు, కొమ్మలు. బాట నాలుగడుగుల వెడల్పున, ఎనిమిదడుగుల ఎత్తువరకు ఖాళీగా ఉండాలన్నది సాధారణంగా పాటించే కొలత. ఎనిమిదడుగులు ఎక్కువ అనిపిస్తుంది గానీ, తడిసిన కొమ్మ, మంచు పేరుకున్న కొమ్మ అడుగు రెండడుగులు కిందికి వంగుతుంది, పెద్ద బ్యాక్‌ప్యాక్ వేసుకున్న మనిషి తలకు పైన కూడా సంచి ఉంటుంది. కిటటిన్నీ మీద మౌంటెన్ లారెల్ పొదలు రెండువైపుల నుంచి కమ్ముకొస్తాయి. వాటిని గోడలా సమంగా కత్తిరించకుండా, అడ్డొచ్చే కొమ్మను అది పుట్టిన చోటుదాకా వెతికి, కాండం దగ్గరి ఉబ్బుకు ఆనుకుని కోయండి. సగంలో కోసిన కొమ్మ మళ్లీ నాలుగు కొమ్మలుగా వస్తుంది. నేలలో మొలిచిన చిన్న మొక్కను నేలమట్టంగా కోయాలి, లేదా వేరుతో తీసేయాలి. రెండంగుళాల మోడు మిగిలినా పరిగెత్తేవారి కాలికి గుచ్చుకుంటుంది. కోసినవాటిని కోతముఖం బాటకు అటువైపు ఉండేలా, కనుచూపుకు దూరంగా పల్లంలోకి లాగేయండి.

కూలిన చెట్టు చిన్నదైతే మడతరంపంతో కోసి తీయవచ్చు. పెద్దదైతే మీ పని దాని కొలత తీసుకోవడం, ఫొటో తీయడం, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుని క్లబ్బుకు పంపడం మాత్రమే. చెయిన్‌సాను, అంటే మోటారు రంపాన్ని, శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్నవారు మాత్రమే వాడాలి. వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో వారు కూడా యంత్రాలు వాడరు, ఇద్దరు లాగే పొడవాటి రంపమే వాడతారు. కూలిన మాను కింద వంగి ఇరుక్కున్న లేతచెట్టు బిగించిన విల్లులాంటిదని మరచిపోవద్దు. దాన్ని కోస్తే ఎంత వేగంగా ముఖం మీదికి లేస్తుందో ఊహించడం కష్టం. 2024 సెప్టెంబరు చివరిలో హెలీన్ తుపాను దక్షిణ రాష్ట్రాల్లో ఈ బాట మీద లెక్కలేనన్ని చెట్లను కూల్చినప్పుడు, ఒకదాని మీద ఒకటి పడి చిక్కుకున్న అటువంటి గుట్టలే చెట్లు తొలగించేవారికి అత్యంత ప్రమాదకరమయ్యాయి.

తెల్ల గుర్తు రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ఉండాలి. పక్కదారులకు, నీటి ఊటలకు, షెల్టర్లకు వెళ్లే దారులకు నీలిరంగు వాడతారు. గరుకు బెరడును గీకుడు పరికరంతో నునుపు చేసి, పచ్చిచెక్క తగలకుండా, పొడిగా ఉన్న రోజున, అంచులు కచ్చితంగా ఉండేలా వేయండి. మలుపు రాబోతుందని చెప్పడానికి ఒకదానిపై ఒకటిగా రెండు గుర్తులు వేస్తారు. ఉత్తరం నుంచి వచ్చేవారికి, దక్షిణం నుంచి వచ్చేవారికి గుర్తులు వేరువేరుగా కనిపించాలి కాబట్టి రెండు దిశల్లోనూ నడిచి చూడాలి. ప్రతి చెట్టుకూ రంగు వేయాలన్న ఉత్సాహం అదుపులో పెట్టుకోండి, అడవి అడవిలాగే కనిపించాలి.

ఈ కొండల్లో నాకు ఎలుగుబంటికంటే పిడుదు మీదే ఎక్కువ భయం. నల్లకాళ్ల పిడుదు పిల్లదశలో గసగింజంత ఉంటుంది. దాని కాటువల్ల లైమ్ వ్యాధి రావచ్చు. పెర్మెత్రిన్ మందు పట్టించిన బట్టలు వేసుకోండి, ఆ మందు ఒంటికి రాసుకునేది కాదు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చెవుల వెనక తడిమి చూసుకోండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగ చలికాలంలో ఆకులు రాలాక కూడా దురద పుట్టిస్తుంది. రాయిని ఎత్తే ముందు గునపంతో కదిపి చూడండి. కింద ర్యాటిల్ స్నేక్ ఉంటే దాని దారిన దాన్ని పోనివ్వండి, న్యూజెర్సీలో అది అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి. గట్టి టోపీ, కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా పనిముట్టు పట్టవద్దు. ఒంటరిగా వెళితే తిరిగి వచ్చే సమయం ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఏడాదికి కనీసం రెండు పెద్ద పనిరోజులు ఉండాలి. ఒకటి మంచు కరిగాక ఏప్రిల్‌లో, రెండోది ఆకులు పూర్తిగా రాలాక నవంబరులో. పొదల కోతకు జూన్ చివర మరో రోజు అవసరమవుతుంది. పెద్ద గాలివాన తర్వాత ఎప్పుడైనా ఒకసారి వెళ్లి చూడాలి. పనిచేసిన గంటలను, రానుపోను ప్రయాణ సమయాన్ని కూడా క్లబ్బుకు తప్పకుండా రాసి పంపండి. చాలామంది మొహమాటపడి దీన్ని వదిలేస్తారు, కానీ బాట సంరక్షణకు నిధులు అడిగేటప్పుడు క్లబ్బు చేతిలో ఉండే ఆధారం ఆ గంటల లెక్కే.

తొలిరోజు అంకెలు వేసుకున్న నోటు పుస్తకాన్ని ఏటా కొనసాగించండి. ఏ వాటర్‌బార్ ఎప్పుడు శుభ్రం చేశారో, ఏ దుంగ పుచ్చిపోతోందో, ఏ ఊట వేసవిలో ఎండిపోతుందో అందులో ఉండాలి. ఏదో ఒకరోజు ఉద్యోగరీత్యా ఊరు మారవలసి రావచ్చు, మోకాళ్లు సహకరించకపోవచ్చు. అప్పుడు సెక్షన్ తీసుకునే కొత్త మనిషికి ఆ పుస్తకం ఇవ్వండి, ఒక వానరోజు చూసుకుని వారితో కలిసి ఆ రెండు మైళ్లూ నడిచి, ప్రతి మలుపు దగ్గరా ఆగి నీరు ఎక్కడి నుంచి వస్తుందో వేలితో చూపించండి.