పల్లె బడి నుంచి ట్రిపుల్ ఐటీకి: దరఖాస్తు విధానం, సీటు జారిపోయే చోట్లు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా బడి వరండాలో వినిపించేది ఒకటే ప్రశ్న: "సార్, మా పిల్లకి ట్రిపుల్ ఐటీ వస్తుందా?" మొత్తం మార్కులు విని నేను ఏమీ చెప్పను. ఏ బడిలో చదివింది, లెక్కల్లో ఎన్ని వచ్చాయి, ఏ కేటగిరీ అని అడుగుతాను. జవాబు సగం అక్కడే ఉంటుంది. మిగతా సగం దరఖాస్తు ఎలా నింపారన్న దాని మీద ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతూ ఏటా వేసవిలో ఈ ఫారాలు నింపి పెట్టేవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన మేరకు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. హైదరాబాద్ గచ్చిబౌలిలోనూ శ్రీసిటీలోనూ ఉన్న ట్రిపుల్ ఐటీలు వేరు. వాటికి ఇంటర్ తర్వాత వెళ్తారు. మన ఊళ్లలో ట్రిపుల్ ఐటీ అంటే ఆర్‌జీయూకేటీ, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైంది. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, ఒంగోలు క్యాంపస్‌లు వచ్చాయి. పదో తరగతి కాగానే చేరితే ఆరేళ్లు అక్కడే: రెండేళ్లు పీయూసీ, ఆపైన నాలుగేళ్లు బీటెక్. పీయూసీ ఇంటర్‌తో సమానం. డాక్టరు కావాలనుకునే పిల్లలకు ఇది దారి కాదు. దరఖాస్తు పెట్టే ముందే ఇంట్లో ఆ మాట తేల్చుకోండి.

ఇక్కడ రాసేదంతా ఆంధ్రప్రదేశ్ క్యాంపస్‌ల సంగతి. బాసరకు నోటిఫికేషన్, దరఖాస్తు అన్నీ వేరు.

పోటీ ఎంత?

నాలుగు క్యాంపస్‌లలో ఒక్కోదానికి వెయ్యి చొప్పున 4,000 సీట్లు. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలు) కోటాలో వందేసి చొప్పున మరో 400. రాష్ట్రంలో పదో తరగతి రాసేవాళ్లు ఏటా ఆరు లక్షలకు పైనే. అందరూ దరఖాస్తు పెట్టరు కానీ, పెట్టేవాళ్లంతా మంచి మార్కులవాళ్లే. 2025లో 600కు 600 తెచ్చుకున్న అమ్మాయి కూడా ఉంది రాష్ట్రంలో. ఇప్పుడు ప్రవేశ పరీక్ష లేదు. కోవిడ్‌తో పది పరీక్షలు రద్దయిన రోజుల్లో ఆర్‌జీయూకేటీ సెట్ పెట్టారు, తర్వాత మళ్లీ పదో తరగతి మార్కులకే వచ్చారు. పరీక్ష లేదంటే తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. నాకైతే అదే భయం. ఒక మార్కు తగ్గితే దాన్ని పూడ్చుకునే రెండో అవకాశం ఉండదు.

పల్లె పిల్లలకు అనుకూలమైనది ఇక్కడ ఒకటుంది: డిప్రివేషన్ స్కోరు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో హాస్టల్ లేకుండా చదివిన పిల్లల మార్కులకు 4 శాతం కలుపుతారు. 550 వచ్చిన పిల్లకు ఇరవై పైచిలుకు మార్కులు కలిసినట్టే. అంటే ప్రైవేటు బడిలో 570 వచ్చిన పిల్లవాడి పక్కన వచ్చి నిలబడుతుంది. ఇంత దగ్గర దగ్గర మార్కుల పోటీలో ఇరవై మార్కులంటే వేల ర్యాంకుల దూరం.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ కలుపు ఊరిని చూసి ఇచ్చేది కాదు, బడిని చూసి ఇచ్చేది. మారుమూల పల్లెలో ఉంటూ మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి ఆటోలో వెళ్లిన పిల్లకు ఒక్క మార్కు కూడా కలవదు. విజయవాడ నడిబొడ్డున మున్సిపల్ హైస్కూల్లో చదివిన పిల్లకు కలుస్తుంది. ఎనిమిదో తరగతిలో "అక్కడ ఇంగ్లీషు బాగా చెబుతారంట" అని జిల్లా పరిషత్ బడి మాన్పించిన నాన్నలకు ఈ సంగతి పది ఫలితాల రోజున తెలుస్తుంది. అప్పుడు చెప్పి ప్రయోజనం లేదు కాబట్టి నేను ఎనిమిదో తరగతిలోనే చెబుతుంటాను. గురుకులాల్లో, రెసిడెన్షియల్ బడుల్లో చదివినవాళ్లు ఈ కలుపు మీద లెక్క వేసుకోవద్దు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో బడుల రకాలు రాసిన పేరా చదివి, మీ బడి అందులో ఉందో లేదో హెడ్మాస్టరు చేత చెప్పించుకోండి.

ఎవరు పెట్టుకోవచ్చు?

ఆ ఏడాదే, మొదటి ప్రయత్నంలోనే పది పాసై ఉండాలి. వయసు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 18 దాటకూడదు, ఎస్సీ ఎస్టీలకు 21. సీట్లలో 85 శాతం స్థానికులకు. మామూలుగా పది వరకు వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివితే స్థానికత. కూలి పనికి అమ్మానాన్న బెంగళూరో చెన్నైయో వెళ్లి, మధ్యలో ఒకటి రెండేళ్లు అక్కడి బడిలో చదివిన పిల్లలు ఉంటారు. వాళ్ల స్టడీ సర్టిఫికెట్లు ముందే సరిచూసుకోవాలి.

రిజర్వేషన్లు రాష్ట్ర నిబంధనల ప్రకారమే. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు. దివ్యాంగులకు, సైనికుల పిల్లలకు, ఎన్‌సీసీ, క్రీడలు, స్కౌట్స్ వాళ్లకు విడిగా కొంత ఉంది. ఈ ప్రత్యేక కోటాలవాళ్లు పత్రాల పరిశీలనకు స్వయంగా వెళ్లాలి. ఆ తేదీలు అసలు ఎంపిక జాబితా కంటే ముందే వస్తాయి.

ఫలితాలకు ముందే చేయాల్సినవి

నోటిఫికేషన్ వచ్చాక పత్రాల కోసం సచివాలయం చుట్టూ తిరిగితే ఆలస్యమే. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయి పిల్లలు ఖాళీగా ఉంటారు కదా, అప్పుడే మొదలుపెట్టండి. ఆధార్‌లో, బడి రికార్డులో, కుల ధ్రువపత్రంలో పేరూ పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండడం మామూలే. పుట్టిన తేదీ తేడా ఉంటే మాత్రం వెంటనే సరిచేయించాలి. 2025లో ఎస్సీ వర్గీకరణ వచ్చింది కాబట్టి, ఎస్సీ పిల్లల ధ్రువపత్రంలో ఏ కులమన్నది స్పష్టంగా రాసి ఉండాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. మార్చిలో తీసుకున్నది జూన్‌లో పనికిరాదు.

దరఖాస్తు

ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఇచ్చిన ఆర్‌జీయూకేటీ సైటులో. ఫీజు ఓసీ, బీసీలకు 300 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 200 ఉంటూ వచ్చింది. ఆ ఏటి నోటిఫికేషన్‌లో మరోసారి చూసుకోండి. నెట్ సెంటరువాళ్లు తీసుకునేది దానికి అదనం.

ఇంట్లోనే పెట్టగలిగితే మంచిది. నెట్ సెంటరులో పెడితే మాత్రం కుర్చీ పక్కనే నిలబడండి. ఒక ఏడు మా బడి పిల్ల ఫారంలో సెంటరు అబ్బాయి తొందరలో తన ఫోన్ నంబరే వేశాడు. ఎంపిక సందేశం అతని ఫోన్‌కే వచ్చింది. అప్పటికి అతను పెళ్లికని ఊరెళ్లాడు. ఆ పిల్ల అదృష్టం కొద్దీ మా అటెండరు జాబితా చూశాడు కాబట్టి సరిపోయింది. నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండేవాళ్లది ఇవ్వండి. రీఛార్జి అయిపోయే నంబరు వద్దు.

ఫారంలో నేను రెండుసార్లు చూసేవి రెండే. ఒకటి, చదివిన బడి రకం. అక్కడ "ప్రభుత్వ" బదులు "ప్రైవేటు" అని పడితే 4 శాతం పోయినట్టే. పొరపాటున అటుది ఇటు పడినా చిక్కే, పత్రాల పరిశీలనలో తేలిపోతుంది. రెండు, క్యాంపస్‌ల వరస. నాలుగూ రాయండి. శ్రీకాకుళం వాళ్లు ఇడుపులపాయ దూరమని, కడప వాళ్లు ఎచ్చెర్ల (శ్రీకాకుళం క్యాంపస్ ఉన్న ఊరు) దూరమని వదిలేస్తారు. రాయని క్యాంపస్‌లో సీటున్నా అది మీది కాదు. ఏది ముందు పెట్టాలంటే, నూజివీడు, ఇడుపులపాయ పాతవి, కట్టడాలూ ల్యాబులూ ఎప్పుడో స్థిరపడ్డవి. కెమికల్, మెటలర్జీ లాంటి బ్రాంచీలు కావాలంటే కూడా అటే చూడాలి. ఇంటికి దగ్గరా దూరమా అన్నది మొదటి నెలలో ఏడిపిస్తుంది, ఆ తర్వాత పెద్దగా లెక్కలోకి రాదు.

సబ్మిట్ కొట్టాక వచ్చిన కాగితం రెండు ప్రతులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో పెట్టండి.

మార్కులు సమానమైతే

ఇది ఎవరూ పట్టించుకోరు, కానీ సీట్లు తేలేది ఇక్కడే. ఒకే మార్కు దగ్గర వందల మంది ఉంటారు. అప్పుడు మొదట లెక్కల మార్కులు చూస్తారు, ఆపైన సైన్స్, ఇంగ్లీషు, సోషల్, మొదటి భాష. అవన్నీ సమానమైతే వయసులో పెద్దవాళ్లకు. అప్పటికీ తేలకపోతే హాల్ టికెట్ నంబరు నుంచి తీసే ఒక యాదృచ్ఛిక సంఖ్య. అంటే 560 మార్కులు వచ్చిన ఇద్దరిలో లెక్కల్లో 99 ఉన్నవాడు, 94 ఉన్న పిల్ల కంటే ముందుంటాడు. లెక్కల పేపరు మీద అనుమానముంటే రీకౌంటింగుకు, రీవెరిఫికేషనుకు పెట్టండి. ఆ ఫలితం కోసం దరఖాస్తు ఆపకండి. ఉన్న మార్కులతో గడువులోపు పెట్టేసి, మార్కులు పెరిగితే నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు విశ్వవిద్యాలయానికి తెలియజేయండి.

గత ఏడాది కటాఫ్‌లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ అంకె 4 శాతం కలిపాక వచ్చిందా, కలపక ముందుదా చూసుకోండి. క్యాంపస్‌ను బట్టి, కేటగిరీని బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. పక్కింటివాళ్ల అబ్బాయికి ఎంతకు వచ్చిందన్నది మీ అమ్మాయికి వర్తించదు.

జాబితా వచ్చేలోపు

ఎంపిక జాబితా జూన్ చివర్లోనో జూలైలోనో వస్తుంది. ప్రైవేటు జూనియర్ కాలేజీల వాళ్లు మాత్రం ఫలితాల రోజు సాయంత్రానికే ఇంటి ముందు ఉంటారు. "ముందు చేర్చండి, ట్రిపుల్ ఐటీ వస్తే అప్పుడు చూద్దాం" అంటారు. చేర్చడం తప్పు కాదు, పిల్లను ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టలేం. కానీ ఒరిజినల్ టీసీ, మార్కుల మెమో వాళ్ల బీరువాలో పెట్టకండి. తీరా సీటొచ్చాక "రెండేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి" అన్న మాట నేను చెవులారా విన్నాను. జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్‌కు నెల గడువు అడగండి. ఒప్పుకోకపోతే దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చండి, అక్కడి నుంచి టీసీ తెచ్చుకోవడం తేలిక. పాలీసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), ఏపీఆర్‌జేసీ (ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల పరీక్ష) రాసి ఉంటే వాటి కౌన్సెలింగ్ తేదీలు కూడా ఇదే రోజుల్లో పడతాయి. గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

ఎంపికైతే

సందేశంలో చెప్పిన తేదీకి, చెప్పిన క్యాంపస్‌కు పిల్లతో పాటు తల్లో తండ్రో వెళ్లాలి. ఆ రోజు వెళ్లకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. పదో తరగతి మార్కుల మెమో, హాల్ టికెట్, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల లేదా ఈడబ్ల్యూఎస్ పత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్, పిల్లవీ పెద్దలవీ ఫొటోలు పట్టుకెళ్లండి. ట్యూషన్ ఫీజు పీయూసీకి ఏడాదికి 45,000, బీటెక్‌కు 50,000 ఉంటూ వచ్చింది. ప్రభుత్వ ఫీజు పథకానికి అర్హత ఉన్నవాళ్లకు ఆ భారం ఉండదు. ఆదాయ పత్రం, రేషన్ కార్డు తప్పనిసరి అనడం అందుకే. చేరే రోజు కట్టే చిన్న మొత్తాలు మాత్రం చేతిలో ఉంచుకోండి.

మొదటి జాబితాలో పేరు లేకపోతే రెండో విడత, మూడో విడత ఉంటాయి. చేరనివాళ్లు, చేరి మానేసినవాళ్లు వదిలిన సీట్లు అప్పుడు నింపుతారు. నాలుగు క్యాంపస్‌లూ రాసినవాళ్లకు అప్పుడే అక్కరకొస్తుంది. అప్పటికి పిల్ల వేరే కాలేజీలో ఉంటుంది, ఇంట్లోవాళ్లు చూడడం మానేస్తారు. ఆగస్టు దాకా వారానికోసారి సైటు తెరిచి చూడండి. ఆ ఫోన్ నంబరు మార్చకండి.