చెన్నైలో ఆపరేషనా? సంతకానికి ముందు జాగ్రత్తలు

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చేవారి చేతికి అంగీకార పత్రం చాలాసార్లు ఇంగ్లిషులోనో తమిళంలోనో వస్తుంది. కలం పట్టే ముందు ఇవి చూసుకోండి.

• తెలుగులో చెప్పమనండి. ఇక్కడి పెద్దాసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సు దొరకడం కష్టమేమీ కాదు. మొహమాటపడితే నష్టం మనకే.

• ఆపరేషన్ పేరు, కుడా ఎడమా, డాక్టరు పేరు రాసి ఉన్నాయా? "ఖాళీలు తర్వాత నింపుతాం లెండి" అంటే ఇప్పుడే నింపమనండి.

• ఆపరేషన్ ఎందుకు, వేరే మార్గం ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, నా వయసుకూ నా షుగరుకూ ప్రమాదమెంత? డాక్టరు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. పొరపాటుగా అర్థమైతే అక్కడే బయటపడుతుంది.

• "అవసరమైతే ఇతర చికిత్సలు కూడా" అన్న చోట ఆగి, అవేమిటో అడగండి. పరీక్షకిచ్చిన అంగీకారం గర్భసంచి తొలగింపునకు చెల్లదని, రోగి మత్తులో ఉండగా తల్లి ఒప్పుకున్నా సరిపోదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయమైతే వేరు. కాబట్టి తెలివిలో ఉన్న పెద్దవారి సంతకం వారే పెట్టాలి. మన ఇళ్లలో కొడుకో అల్లుడో చకచకా పెట్టేస్తుంటారు, ఆసుపత్రులూ ఊరుకుంటాయి.

• మత్తు డాక్టరుకు అలర్జీలు, రక్తం పలుచబరిచే మాత్రల సంగతి తప్పక చెప్పండి.

• సంతకం చేశాక కూడా, ఆపరేషన్ మొదలుకాకముందు వద్దనవచ్చు.

• నకలు అడిగి తీసుకోండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లోపు ఇవ్వాలన్నది నిబంధన.